బునియన్ నొప్పి: బుడిపె కరగదు సరే, నడక ఆగకుండా ఏం చేయాలి?

నడకదారి
కాలి బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున బుడిపె తేలడం, షూ వేస్తే మంట, సాయంత్రానికి ఎర్రబడి వాపు. దీన్నే బునియన్ అంటారు. దీని మీద అడిగేవాళ్లు చాలామంది, దొరికే జవాబులు మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటున్నాయి. అన్నీ ఒకచోట ఉండాలని ఈ చర్చ. బుడిపెను కరిగించే దారి ఉందా? నడక, సైకిల్, పరుగు మానకుండా నొప్పి తగ్గించుకునేది ఎలా? ఆపరేషన్ దాకా ఎప్పుడు వెళ్లాలి? తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి. "మంచి షూ వేసుకోండి" అంటే ఎవరికీ ఉపయోగం లేదు, మంచి షూ అంటే ఏమిటో చెప్పాలి.

కీళ్లకసరత్తు
మొదటి ప్రశ్నకు జవాబు: కరగదు. అది కొత్తగా పెరిగిన గడ్డ కాదు కాబట్టి. బొటనవేలి వెనక, పాదంలో ఉండే పొడవాటి ఎముకను మొదటి మెటాటార్సల్ అంటారు. అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి, అంటే రెండో కాలి వైపుకు జరుగుతుంది. దాని కొసన ఉన్న వేలేమో ఎదురు దిశలో, పక్క వేళ్ల మీదికి ఒరుగుతుంది. రెండూ చెరో దిక్కుకూ పోయేసరికి కీలు దగ్గర ఒక మూల బయటికి పొడుచుకొస్తుంది. మనం బుడిపె అనేది ఆ మూలనే. పైపూతలు, నూనె మర్దనలు ఎముక స్థానాన్ని మార్చలేవు.

కానీ నొప్పి వేరు, వంకర వేరు. వంకర అలాగే ఉన్నా నొప్పిని బాగా తగ్గించవచ్చు. దానికి ముందు నొప్పి ఎక్కడిదో తేల్చుకోవాలి.

షూ విప్పిన పది నిమిషాల్లో తగ్గితే అది రాపిడి నొప్పి. బుడిపె మీది చర్మం, దాని కింద ఉండే బర్సా అనే నీటితిత్తి ఒరుసుకుని వాస్తున్నాయన్న మాట. వట్టి కాళ్లతో నడిచినా, చేత్తో వేలిని పైకి వంచినా లోపల కలుక్కుమంటే అది కీలు నొప్పి. బుడిపె దగ్గర ఏమీ లేకుండా, అరికాలి కింద రెండో వేలి మొదట్లో గులకరాయి తొక్కినట్టుంటే బొటనవేలు మోయాల్సిన బరువు పక్క ఎముక మీద పడుతోంది. మొదటిదానికి చోటు కావాలి, రెండోదానికి వేలు తక్కువ వంగేలా చూసే గట్టి షూ అట్ట (సోల్) కావాలి, మూడోదానికి అరికాలి కింద ఆసరా కావాలి. ఇది తేల్చుకోకుండా కనిపించిన సాధనమల్లా కొనడం వల్లే ఎక్కువమందికి ఫలితం ఉండదు.

ఎక్స్‌రేబల్ల
పై మాటకు ఒక చేర్పు. ఎక్స్‌రే తీయించుకుంటే నిలబడి, పాదం మీద బరువు వేసి తీయించుకోవాలి. పడుకుని తీస్తే వంకర అసలుకన్నా తక్కువ కనిపిస్తుంది. చూసే కోణాలు రెండు. వేలికీ మెటాటార్సల్‌కూ మధ్య కోణం మామూలుగా 15 డిగ్రీల లోపు ఉంటుంది. మొదటి, రెండో మెటాటార్సల్ ఎముకల మధ్య కోణం 9 డిగ్రీల లోపు. వేలి కోణం 40 దాటితే తీవ్రం కింద లెక్క. 18 డిగ్రీలకే విపరీతంగా నొప్పి ఉన్నవాళ్లు ఉంటారు, 35 ఉన్నా హాయిగా నడిచేవాళ్లూ ఉంటారు. కోణం చూసి భయపడనక్కర్లేదు.

ప్రతి బుడిపే బునియన్ కాదని కూడా గుర్తుంచుకోండి. రాత్రికి రాత్రే కీలు ఎర్రగా, వేడిగా మారి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరడం వల్ల వచ్చే వాపు) కావచ్చు. బుడిపె పక్కన కాకుండా కీలు పైభాగాన ఉండి, వేలు పైకి లేవకుండా బిగిసిపోతే అది కీలు అరుగుదల, దాని వైద్యం వేరు. ఎరుపుతో పాటు జ్వరం, చీము ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండు పాదాల్లోనూ చాలా కీళ్లు వాచి, పొద్దున్నే బిగుసుకుపోతుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) ఉందేమో చూడాలి.

తోలుపని
షూ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే తేడా ఎక్కువగా కనిపించేది అక్కడే.

పాదాన్ని సాయంత్రం కొలవండి, నిలబడి కొలవండి. పొద్దున కూర్చుని తీసిన కొలత పనికిరాదు, బరువు పడితే పాదం పరుచుకుంటుంది. తెల్ల కాగితం మీద నిలబడి, పెన్సిల్‌ను నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీత గీయించుకోండి. పెన్సిల్ లోపలికి వాలితే కొలత చిన్నదవుతుంది. రెండు పాదాలూ గీసి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడు షూలోంచి ఇన్‌సోల్ (పాదం కింద పరిచి ఉండే మెత్తని పొర) బయటికి తీసి ఆ గీత మీద పెట్టండి. బుడిపె దగ్గర గీత ఇన్‌సోల్ దాటిపోతే ఆ షూ సరిపోదు, సైజు నంబరు ఏదైనా సరే. ఉన్నవాటిలో అతి పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

సామాన్యంగా చేసే తప్పు ఒకటుంది. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొంటారు. అప్పుడు మడమ వదులై, అడుగు వేసిన ప్రతిసారీ పాదం ముందుకు జారి ఇరుకు భాగంలోకే వెళ్లి కూరుకుంటుంది. పొడవు కాదు, వెడల్పు పెరగాలి. అదే పొడవులో వెడల్పు రకం అడగండి.

ఇంకా చూడాల్సినవి: షూ లోపలి అంచు బొటనవేలి వరకు తిన్నగా ఉండాలి, మొన మధ్యకు తిరగకూడదు. బుడిపె వచ్చే చోట కుట్టు, అతుకు, గట్టి ప్లాస్టిక్ ముక్క ఉండకూడదు. పైభాగం అల్లిన బట్టో మెత్తని తోలో అయి ఉండాలి. మడమ ఎత్తు 3 సెంటీమీటర్ల లోపు. ఎత్తు మడమ బరువంతా ముందుకు తోస్తుంది కనక వెడల్పు షూ అయినా నొప్పి తప్పదు. లేసులో పట్టీయో ఉండి పాదాన్ని మడమ దగ్గర పట్టి ఉంచాలి. లేసు, పట్టీ లేకుండా తొడుక్కునే జారుడు షూలు బిగుతు మీదే నిలుస్తాయి కాబట్టి బుడిపె ఉన్నవాళ్లకు పనికిరావు.

ఉన్న షూనే సర్దుకోవాలంటే తోలు షూను ఒక్కచోట సాగదీయవచ్చు. ఒకవైపు గుండు, మరోవైపు వలయం ఉండే పటకారు లాంటి పనిముట్టు ఉంటుంది. బుడిపె తగిలే చోట గుర్తు పెట్టి, లోపలి నుంచి తోలును కాస్త తడిపి, గుండు లోపల, వలయం బయట వచ్చేలా బిగించి ఒక రాత్రి ఉంచాలి. ఒకేసారి లాగితే తోలు పగులుతుంది, రెండు మూడు విడతల్లో చేయాలి. రెక్సిన్ లాంటి కృత్రిమ తోలు సాగదు, సాగినట్టు కనిపించినా మళ్లీ మొదటికొస్తుంది.

లేసుల కిటుకు: బుడిపె పక్కనున్న రంధ్రాన్ని వదిలేయండి. ఆ ఒక్క చోట అడ్డంగా కాకుండా నిలువుగా పైకి తీసుకెళ్లి తర్వాతి రంధ్రంలో దూర్చండి. బుడిపె మీద బిగుతు వెంటనే తగ్గుతుంది.

దీనంతటికీ షూయే కారణమా అంటే కాదు. పాదం నిర్మాణం వంశంలో వస్తుంది. కానీ షూ పాత్ర చిన్నది కాదు. కేంబ్రిడ్జ్‌లో తవ్వి తీసిన 177 మధ్యయుగపు అస్థిపంజరాలను పరిశీలించి 2021లో ప్రచురించిన వివరం చూడండి. 11 నుంచి 13వ శతాబ్దం వరకు బతికినవాళ్లలో ఈ వంకర 6 శాతం మందికి ఉంటే, మొనదేలిన బూట్లు వాడుకలోకి వచ్చిన 14, 15 శతాబ్దాల వాళ్లలో 27 శాతం మందికి ఉంది.

నడకదారి
తోలుపని గారూ, ఇన్‌సోల్ పరీక్ష బాగుంది. పలచని అట్ట ఉండే వట్టికాళ్ల తరహా షూలు మంచివా, గట్టి అట్ట మంచిదా? రెండూ మంచివనే చదువుతున్నాం.

తోలుపని
కీళ్లకసరత్తు గారు చెప్పిన తేడానే ఇక్కడ పనికొస్తుంది. రాపిడి నొప్పి మాత్రమే ఉండి, వేలు ఇబ్బంది లేకుండా వంగుతుంటే పలచని అట్ట, వెడల్పు ముక్కు ఉన్నవి పర్వాలేదు. అయితే వారాల మీద అలవాటు చేసుకోవాలి. మొదట ఇంట్లో అరగంట చాలు. కీలు లోపల నొప్పి ఉంటే అట్ట గట్టిగా ఉండి, ముందుభాగం ఉయ్యాల బద్దలా పైకి వంగినది కావాలి. పాదం దాని మీద దొర్లుతుంది, వేలు వంగాల్సిన అవసరం తగ్గుతుంది. షూను రెండు చేతులతో మడిచి చూడండి. వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రమే, అదీ కష్టంగా వంగాలి. మధ్యలో విరిగినట్టు మడతపడితే ఆ షూ ఎవరికీ మంచిది కాదు.

ప్రశ్నలపుట్ట
వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు, రాత్రి కట్టుకునే పట్టీలు వంకర సరిచేస్తాయని ప్రకటనలు వస్తున్నాయి. "ముందు, తర్వాత" ఫోటోలు కూడా చూపిస్తున్నారు.

ఎక్స్‌రేబల్ల
కట్టి ఉన్నంతసేపు వేలు తిన్నగా నిలబడుతుంది, విప్పాక వెనక్కి వస్తుంది. పెద్దవాళ్లలో ఎముక కోణాన్ని శాశ్వతంగా వెనక్కి తిప్పిన పట్టీ లేదు. ఆ ఫోటోల్లో ఒకటి బరువు వేసి, ఇంకొకటి వేయకుండా తీస్తే చాలు, తేడా వచ్చేస్తుంది.

కీళ్లకసరత్తు
సరిచేయవన్న మాట నిజమే గానీ పూర్తిగా తీసిపారేయను. రాత్రిపూట పట్టీతో కీలు చుట్టూ బిగుసుకున్న కణజాలం కాస్త వదులై, పొద్దున మొదటి అడుగులు తేలికగా పడేవాళ్లు ఉన్నారు. నొప్పికి వాడితే వాడండి, వంకర కోసం కాదు.

సిలికాన్ ముక్కలో జరిగే పొరపాటు: ఇరుకు షూలో పెడతారు. అప్పుడు వేలు తిన్నగా కావడానికి చోటు ఉండదు, రెండో వేలు బయటికి నెట్టుకుపోతుంది, బుడిపె షూ గోడకు ఇంకా గట్టిగా ఒత్తుకుంటుంది. పలచనిదాంతో మొదలుపెట్టి మొదటి వారం రోజుకు 20 నిమిషాలు, ఇంట్లో చెప్పుల్లేకుండా. చర్మం తడిసి తెల్లబడుతుంటే ఆపి ఆరనివ్వాలి.

మెత్తని ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ) ప్యాడ్ విషయంలోనూ అంతే. బుడిపె మీద ప్యాడ్ వేస్తే ఒత్తిడి పెరుగుతుంది, దాని చుట్టూ వేయాలి. 5 మిల్లీమీటర్ల మందం ఫెల్ట్ తీసుకుని, బుడిపె కన్నా కొంచెం పెద్ద రంధ్రం కత్తిరించి, గుర్రపు లాడం ఆకారంలో ముందువైపు తెరిచి ఉంచండి. అంచులను కత్తెరతో వాలుగా పలచన చేస్తే ముడతలు పడవు. అప్పుడు షూ ఒత్తిడి లాడం మీద పడుతుంది, బుడిపె గుంటలో క్షేమంగా ఉంటుంది. షూలో ఆ 5 మిల్లీమీటర్ల చోటు లేకపోతే మాత్రం ఏ ప్యాడూ వేయకండి.

అరికాలి కింద నొప్పికి వాడే గుండ్రని ప్యాడ్‌ను చాలామంది తప్పుచోట అంటిస్తారు. నొప్పి ఉన్నచోట కాదు, దానికి వెనక పెట్టాలి. పాత ఇన్‌సోల్ మీద వేళ్ల మొదళ్లు దిగిన గుంటలు కనిపిస్తాయి కదా, ప్యాడ్ ముందు అంచు ఆ గుంటలకు సుమారు 5 మిల్లీమీటర్లు వెనక్కి ఉండాలి. అప్పుడు మెటాటార్సల్ ఎముకల కొసలకు కాస్త వెనక భాగాన్ని ఎత్తి, ఆ కొసల మీద బరువు తగ్గిస్తుంది.

ప్రశ్నలపుట్ట
వ్యాయామాలు ఏవి నిజంగా పనికొస్తాయి? వేళ్లతో తువ్వాలు లాగడం అందరూ చెబుతారు.

కీళ్లకసరత్తు
తువ్వాలు లాగడం వేళ్లను ముడిచే కండరాలకు. బునియన్‌లో బలహీనపడేది బొటనవేలిని పాదం మధ్యగీత నుంచి దూరంగా లాగే కండరం, పేరు అబ్డక్టర్ హాలూసిస్, పాదం లోపలి అంచు వెంబడి మడమ దాకా ఉంటుంది. కాబట్టి నేను తువ్వాలును వెనక్కి పెట్టి దీన్ని ముందు చెబుతాను:

కుర్చీలో కూర్చుని పాదం నేల మీద ఆనించండి. మడమ, వేళ్ల మొదళ్లు నేలను వదలకూడదు. ఐదు వేళ్లూ పైకి లేపండి. చిటికెన వేలిని బయటికి చాపుతూ కిందికి దించండి. తర్వాత బొటనవేలిని లోపలివైపు, అంటే పక్క వేళ్లకు దూరంగా చాపుతూ దించండి. 5 సెకన్లు ఆపి వదలండి. 10 సార్లు, రోజుకు రెండు విడతలు. మొదటి వారం వేలు కదలనే కదలదు, పైగా అరికాలు పట్టేస్తుంది. అది మామూలే, పట్టేసినప్పుడు ఆపి చేత్తో సాగదీసి మళ్లీ మొదలుపెట్టండి. వేలు మాట వినకపోతే చేత్తో కదిలించి చూపించండి, మెల్లగా అందుకుంటుంది. కూర్చుని తేలికయ్యాక నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద.

రెండోది పాదాన్ని పొట్టిగా చేయడం. వేళ్లు ముడవకుండా, వేళ్ల మొదళ్లను మడమ వైపు లాగుతున్నట్టు వంపును ఎత్తాలి. 5 సెకన్లు, 10 సార్లు. వేళ్ల గోళ్లు తెల్లబడుతున్నాయంటే వేళ్లతో నొక్కుతున్నారని అర్థం, తప్పు.

మూడోది పిక్క సాగదీత, దీన్ని చాలామంది వదిలేస్తారు. పిక్క బిగుతుగా ఉంటే నడకలో మడమ తొందరగా లేచి బరువు ముందు పాదం మీద ఎక్కువసేపు ఉంటుంది. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మోకాలు తిన్నగా 30 సెకన్లు, తర్వాత అదే మోకాలు వంచి 30 సెకన్లు, మూడేసి సార్లు. వెనక పాదం వేళ్లు తిన్నగా ముందుకు చూడాలి. బయటికి తిరిగితే వంపు కుంగి, ఆ లాగుడంతా బొటనవేలి కీలు మీద పడుతుంది.

6 నుంచి 12 వారాలు క్రమం తప్పకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది.

టేపుకట్టు
నడకకో ఆటకో ముందు టేప్ కూడా ఉపయోగం. 2.5 సెంటీమీటర్ల వెడల్పు, సాగని రకం. కాలు కడిగి పూర్తిగా ఆరబెట్టండి, నూనె, క్రీమ్ ఉంటే అంటదు. బుడిపె మీద పలచని గాజుగుడ్డ ముక్క పెట్టండి. పాదం మధ్యలో ఒక పట్టీ చుట్టండి, ఆ చుట్టును మూసేటప్పుడు పాదం నేల మీద ఆనించి ఉండాలి, లేదంటే నిలబడగానే బిగుస్తుంది. తర్వాత ఒక చేత్తో బొటనవేలిని తిన్నగా పట్టుకుని, మొదటి రెండు వేళ్ల మధ్య నుంచి టేప్ మొదలుపెట్టి, వేలి పైనుంచి లోపలి పక్కకు తెచ్చి, పాదం లోపలి అంచు వెంబడి వెనక్కి లాగి మధ్య పట్టీకి అంటించండి. దీని మీదే ఇంకో రెండు. వేలి చుట్టూ పూర్తిగా ఉంగరంలా చుట్టకండి. చివరగా గోరు నొక్కి వదలండి, రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. రాకపోతే, తిమ్మిరెక్కితే తీసేయండి. రాత్రికి విప్పాలి, చర్మం వెంబడి మెల్లగా.

సైకిల్‌బాట
కదలిక గురించి. నొప్పిని 0 నుంచి 10 వరకు అంచనా వేసుకోండి. చేస్తున్నప్పుడు 3 దాటకుండా, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి వస్తుంటే ఆ మోతాదు సరే. మర్నాడు కుంటుతున్నారంటే దూరం మూడోవంతు తగ్గించండి, పూర్తిగా మానకండి. మానేస్తే పాదం కండరాలు ఇంకా నీరసపడతాయి.

నడకలో అడుగు పొడవు కొంచెం తగ్గించి, అడుగుల వేగం పెంచండి. పొడుగు అడుగులో వెనక కాలి బొటనవేలు బాగా వంగాల్సి వస్తుంది. దిగుడు దారిలో పాదం ముందుకు జారి బుడిపె గుద్దుకుంటుంది కాబట్టి దిగే ముందు లేసులు పైభాగంలో బిగించి కట్టుకోండి. పరుగు అయితే వారానికి 10 శాతం మించి దూరం పెంచవద్దు.

సైకిల్ బాగా అనువైనది, వేలు వంగే పని తక్కువ. పెడల్‌ను వేళ్లతో కాకుండా పాదం కాస్త మధ్యగా తొక్కండి. క్లీట్ (పెడల్‌కు బిగుసుకునేలా షూ అడుగున ఉండే ముక్క) ఉన్న షూ వాడేవాళ్లు క్లీట్‌ను కొన్ని మిల్లీమీటర్లు మడమ వైపు జరపండి. క్లీట్ షూలు సహజంగానే ఇరుకు, ఇన్‌సోల్ పరీక్ష వీటికీ చేయాలి. ఈతలో పాదాలకు వేసుకునే రెక్కల తొడుగులు వద్దు, గోడను వేళ్లతో తన్నకుండా పాదం మొత్తంతో నెట్టండి. కీలు నొప్పి ఉన్నవాళ్లు యోగాలో వేళ్లు వెనక్కి మడిచి వాటి మీద కూర్చునే భంగిమలు మానాలి, వేళ్ల మీద బరువుంచి చేసే చతురంగ దండాసనం తరహావి మోకాళ్లు ఆనించి చేయవచ్చు.

తిరిగొచ్చాక మంటగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు 10 నుంచి 15 నిమిషాలు. నేరుగా చర్మం మీద పెట్టకండి.

ఎక్స్‌రేబల్ల
మధుమేహం ఉన్నవాళ్లు పైన రాసినవన్నీ అలాగే పాటించకండి. స్పర్శ తగ్గిన పాదానికి ప్యాడ్, టేప్, సిలికాన్ ముక్క, ఐసు ఏదైనా తెలియకుండానే పుండు చేస్తుంది. బుడిపె మీది చర్మాన్ని రోజూ చూసుకోవాలి. ఆనెకాయలకు అంటించే సాలిసిలిక్ యాసిడ్ పట్టీలు అసలు వద్దు, మంచి చర్మాన్నీ కాల్చేస్తాయి. స్పర్శను 10 గ్రాముల బలంతో నొక్కే నైలాన్ తీగతో డాక్టర్ పరీక్షిస్తారు, ముందు అది చేయించుకోండి. నొప్పి మాత్రల విషయం కూడా: ఐబుప్రోఫెన్ తరహావి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచనయ్యే మందులు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు.

నడకదారి
మిగిలింది ఆపరేషన్. ఎప్పుడు ఆలోచించాలి?

ఎక్స్‌రేబల్ల
సరైన షూ, వ్యాయామం, ప్యాడ్‌లు కొన్ని నెలలు నిజాయితీగా వాడినా రోజువారీ నడక కష్టమవుతుంటే, లేదా రెండో వేలు బొటనవేలి మీదికెక్కుతుంటే. చూడటానికి బాగాలేదని మాత్రమే చేయించుకోకండి, నొప్పి లేని పాదానికి నొప్పి తెచ్చుకునే ప్రమాదం ఉంటుంది. ఎదిగే పిల్లల్లో ఎముక ఎదుగుదల ముగిసేదాకా సాధారణంగా ఆగుతారు.

బుడిపెను చెక్కేస్తే చాలనుకుంటారు. అలా చేస్తే మళ్లీ వస్తుంది, జరిగిన ఎముక అక్కడే ఉంటుంది కదా. ఎముకను కోసి జరిపి స్క్రూలతో నిలబెడతారు. తక్కువ, మధ్యస్థ వంకరకు షెవ్రాన్ లేదా స్కార్ఫ్ అనే ఎముక కోత. కోణం బాగా ఎక్కువైతే, లేదా మెటాటార్సల్ మొదలు వదులుగా ఊగుతుంటే లాపిడస్ అనే పద్ధతి, ఇందులో పాదం మధ్యలో ఆ ఎముక మొదట్లో ఉన్న కీలును అతుకుతారు. వేలి ఎముకకే వంకర ఉంటే ఏకిన్ అనే చిన్న కోత జతచేస్తారు. కీలు అరిగిపోయినవాళ్లకు బొటనవేలి కీలునే అతికేస్తారు, వేలు వంగదు కానీ నొప్పి పోతుంది.

కోలుకోవడం గురించి తక్కువ అంచనా వేయకండి. మొదటి రెండు వారాలు పాదాన్ని గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవడమే ప్రధాన పని. గట్టి అట్ట ప్రత్యేక షూ సుమారు 6 వారాలు, లాపిడస్‌కు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. గెంతే ఆటలకు 3 నుంచి 6 నెలలు. వాపు పూర్తిగా పోవడానికి ఏడాది దాకా. పొగతాగేవాళ్లకు ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది, ముందే మానాలి. వేలు బిగుసుకోవడం, పక్కన తిమ్మిరి, వంకర తిరిగి రావడం, బరువు రెండో ఎముక మీదికి మారడం, కాలి సిరలో రక్తం గడ్డకట్టడం వచ్చే అవకాశం ఉన్న చిక్కులు. పిక్క ఒక్కటే వాచి నొప్పిగా ఉంటే, ఊపిరి అందకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సర్జన్‌ను అడగాల్సినవి: నా కోణాలు ఎంత, ఏ కోత, ఎందుకు అదే, ఎన్ని రోజులు బరువు వేయకూడదు, స్క్రూలు ఉంచేస్తారా.

కీళ్లకసరత్తు
ఆపరేషన్ తర్వాత వేలిని వంచే కసరత్తు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అడగండి. చాలా కోతల్లో కొద్ది వారాల్లోనే మొదలుపెట్టమంటారు, భయంతో ఆలస్యం చేసినవాళ్ల వేలే బిగుసుకుంటుంది. కీలు అతికించినవాళ్లు మాత్రం వంచకూడదు.

తోలుపని
ఇంకొకటి, ఆపరేషన్ అయినవాళ్లకు కూడా. వాపు తగ్గాక పాదం ఆకారం మారుతుంది. పాత షూలు వెంటనే తొడక్కుండా కాగితం మీద కొత్తగా గీత గీసి, ఇన్‌సోల్‌తో మళ్లీ పోల్చి చూసుకోండి.